గుండీల కుప్ప

చాప మీద గుండీల డబ్బా బోర్లించి, రేపటి బడి పరీక్షకు మనవరాలిని తయారుచేస్తున్నాడు దర్జీ తాత. చంటిది చాప వైపే పాకుతోంది.

"ఒకే పోలికవన్నీ ఒక్కచోట పెట్టవే. ఇది తప్పితే బళ్ళో చేర్చుకోరు. నీ వయసులో నేను చుక్కల్నే రంగుల వారీగా విడదీశాను, తెలుసా!"

"కోతలు! ఇదిగో, పెట్టేశాను."

"ఎర్రదీ నల్లదీ కలిపేశావు, రెండు కన్నాలదీ నాలుగు కన్నాలదీ కలిపేశావు. వీటికి పోలికేంటే నా తల్లీ?"

"ఇవి చెల్లి నోట్లో పట్టవు."

"మరి పట్టేవో?"

"నీ జేబులో వేసేశాను."

తాత జేబు తడుముకున్నాడు. బరువుగానే ఉంది.

"బాగానే ఉందిగానీ, రేపు టీచరమ్మ రంగు చూసి విడదీయమంటేనో?"

"ముందు వాళ్ళింట్లో పాకే పాప ఉందేమో కనుక్కుంటా."