సద్దు లేని బండి

రాయచోటి రోడ్డు పక్కన, పందెంలో పోగొట్టుకున్న తన ఎర్ర పెట్రోలు కారుకు ఆనుకుని కూర్చున్నాడు వీరభద్ర. గెలిచినవాడికి ఇవ్వాల్సిన తాళంచెవి ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది. ఆ కారు మెకానిక్ గోపన్నకు అతని మొహం చూడాలంటే భయంగా ఉంది.

"జెండా ఊపినాక వాని బండి సద్దే లేదు మామా. స్టార్టే కాలేదనుకుంటి. చూస్తే మలుపు దాటిండాది."

"కరెంటు బండి అల్లుడూ. గేర్లు మార్చే పని లేదు. తొక్కిన చోటే బలమంతా వస్తాది."

"మరి మన ఎనిమిది సిలిండర్లు యాడ సచ్చినాయి?"

"దూరం పోతే అందుకుంటాంటిమి. పందెం అర కిలోమీటరే గదా."

"ఇదంతా నీకెట్ల తెలుసు?"

"మొన్న ఆ బండి నా షెడ్డుకొస్తే నడిపి చూసినా."

"నేను కారునే ఒడ్డుతాంటే నోరెందుకు మెదపలేదు మామా?"

గోపన్న బానెట్ మీద చెయ్యి వేశాడు. ఇంకా వేడిగానే ఉంది.

"ఇరవై ఏండ్లు నేను విప్పి బిగించిన ఇంజన్. ఓడిపోతాదని నా నోటితో అనలేకపోయినా."