కల్బా కొండల కప్పలు, రాజబాబు లుంగీ

నా పేరు యర్రంశెట్టి నాగబాబు. తండ్రి సత్యం. వయసు యాభై రెండు. మాది కోనసీమ. కల్బా పైన కొండల్లో కట్టే విల్లాల సైటులో పంపు ఆపరేటరుని. తాపీమేస్త్రీ రాజబాబు వాగుగుంటలో సబ్బుతో బట్టలుతికి తోకకప్పల్ని చంపాడని కంపెనీ పెట్టిన కేసులో నన్ను ఈ పోలీసు స్టేషనుకి సాక్షిగా పిలిచారు. కంపెనీ తరఫు సాక్షినట. అది తప్పు.

2024 ఏప్రిల్ పదహారున పడ్డ పెద్దవానకి కొండదారి కొట్టుకుపోయి నీళ్ళ ట్యాంకర్లు ఆగిపోయాయి. సైటుకి రెండు వందల అడుగుల దూరంలో, ఇరవై అడుగుల దిగువన వాగులో ఒక గుంట ఉంది. గట్టున బోర్డు పెట్టింది కంపెనీయే. ఈ అరబ్బు దేశంలో కప్పజాతులు రెండేననీ, అందులో ఒకటి ఇక్కడ గుడ్లు పెడుతుందనీ, నీళ్ళు ముట్టరాదనీ దాని మీద ఉంది. ఏప్రిల్ ఇరవై ఎనిమిది ఉదయం ఆరింటికి ఆ బోర్డు కాలికే పంపు పైపు కట్టించారు. కట్టించింది సైటు ఇంజనీరు శ్యాంప్రసాద్. కొత్తగోడ తడపాలన్నాడు.

"బోర్డు ఉంది కదండీ?" అన్నాను.

"బోర్డు విజిటర్లకి, నాగబాబు గారూ. యల్లా, స్టార్ట్ చేయండి."

గుంట నిండా తోకకప్పలు. పైపులోకి పోతాయని భయపడ్డాను. మా ఊళ్ళో కాలవలో ఇంజను పెట్టేటప్పుడు నాచు లాక్కోకుండా పైపు కొసన ఉండే ఫుట్‌వాల్వుకి పాతలుంగీ చుడతాం. అదే చేశాను. నీలిగళ్ళ లుంగీ, రాజబాబుది.

"కప్పలకి పెళ్ళిబట్టలు పెడతన్నావేంటి బాబాయ్!" అని నవ్వుతూనే ఇచ్చాడు.

రోజూ ఆరింటి నుంచి పదిన్నర దాకా పంపు నడిచింది. నేను పైన మోటారు దగ్గర కూర్చున్నాను. దిగి చూడలేదు. ఐదు రోజులు దిగి చూడలేదు.

మే మూడు, శుక్రవారం. మాకు సెలవు, గోడకి లేదు. లుంగీ ఎలా ఉందో చూద్దామని దిగిన రాజబాబు తొమ్మిదింబావుకి గుంట దగ్గర నుంచి ఫోను చేశాడు.

"మోటారు ఆపు బాబాయ్! ముందు ఆపు! లుంగీ నిండా ఇయ్యే, అతుక్కుపోయున్నాయి."

ఆపి దిగాను. నీళ్ళు మోకాల్లోతుకి తగ్గిపోయాయి. పంపు లాగిన లాగుడికి తోకకప్పలు గుడ్డకి అంటుకుపోయాయి. రాజబాబు నీళ్ళలో కూర్చుని లుంగీ విప్పి, ఒక్కొక్కదాన్నీ గోటితో ఒలిచి వదులుతున్నాడు. కొన్ని కదిలాయి. ఎక్కువ కదల్లేదు. తొమ్మిదీ నలభైకి గార్డు ఫొటో తీశాడు. కంపెనీ మీకిచ్చింది ఆ ఫొటోయే. అందులో సబ్బు ఎక్కడుందో చూపించండి. కూలివాడి చేతిలో గుడ్డ కనబడితే ఉతుకుతున్నట్టేనా? కాపాడే పని బోర్డులు పెట్టేవాళ్ళకి మాత్రమే రాసిపెట్టి ఉందా?

ఇక్కడ అనువాదకురాలు గుల్జార్ బేగం గారు, "అన్నా, సాబ్ అడిగిందే రాయి. భాషణ్ వద్దు," అన్నారు.

ఇది కూడా జవాబేనమ్మా అన్నాను. ఇదీ రాస్తాను. మార్చిలో పరంజా మీంచి మనిషి పడితే కంపెనీ జీపు రావడానికి రెండు గంటలు పట్టింది. చచ్చిన కప్పల్ని ఫొటో తీయడానికి నాలుగు జీపులు వచ్చాయి. కప్పల మీద నాకు కోపం లేదు. ఆ గుంట ఎండితే వాటికి ఇంకో గుంట లేదు. వాటి పేరు చెప్పి మనిషిని తరిమేవాళ్ళ మీదే నా కోపం.

మే ఐదు సాయంత్రం నాలుగింటికి ఆఫీసు కంటైనరులో శ్యాంప్రసాద్ నా ముందు ఒక కాగితం పెట్టాడు.

"సబ్బు వల్లే అని సైన్ చేసేయండి, ఖలాస్. మీ వీసా రెన్యూవల్ జూన్‌లోనే కదా?"

"మరి రాజబాబు సంగతేంటండీ?"

"మేస్త్రీలకేం కరువండీ."

నేను సంతకం పెట్టలేదు.

రాజబాబు మీతో ఏమీ మాట్లాడడం లేదట. మాట్లాడితే నా పేరు వస్తుందని. అందుకని నేనే చెబుతున్నాను. పంపు నడిపింది నేను. లుంగీ కట్టింది నేను. పంపు పెట్టమన్నది శ్యాంప్రసాద్. రాజబాబు చేసింది ఒలిచి నీళ్ళలో వదలడమే.

లుంగీ మీ దగ్గరే ఉంది. మంచినీళ్ళలో ముంచి పిండి చూడండి. నురగ రాదు. తోకలు వస్తాయి.

ఇది నా చేత్తో, నాకు చదవవచ్చిన భాషలో రాశాను. బలవంతపెట్టినవాడి పేరు పైన ఉంది, అతను చెప్పమన్నది ఇందులో లేదు. ఉన్నదంతా నిజం.

కల్బా, 7 మే 2024, ఉదయం 11.20

(సంతకం) య. నాగబాబు
ఎడమచేతి బొటనవేలి ముద్ర