కొకీల మీద సున్నం

పోర్టోరికో కొండ మీద చిన్న వసతి గృహం, పొద్దుటి పూట. యజమానురాలు నెరీదా, అందరికీ ‘దోన్యా’, అంటే అమ్మగారు. గదులు ఊడ్చే జెనాయ్‌డా, చంకలో ఏడాది పాప.

"నాకు అన్నిటికంటే భయం ఈ పని పోవడమే, దోన్యా. పోతే నాకూ పాపకీ తలదాచుకోను ఆ వెనక గది కూడా ఉండదు. ఐనా సున్నం చల్లను."

"బస్తా మూతి కూడా విప్పలేదు! వారమైంది చెప్పి. కొకీ కప్పల మీద సున్నం చల్లవే అంటే..."

"చల్లితే ఒళ్ళు కాలి చస్తాయి."

"చావనీ! బొటనవేలంత లేవు, గొంతు చూస్తే గుడిగంట. తెల్లార్లూ కొ-కీ, కొ-కీ. దిగినవాళ్ళకి కునుకుండదు. అదే రుయిసెన్యోర్ పిట్ట పొద్దున్నే పాడితే, కాఫీ చల్లారిపోతున్నా వింటూ కూర్చుంటారు."

"ఆ పిట్ట పాట దాని సొంతమా ఏమన్నానా? విన్నదల్లా అనుకరిస్తుంది. మొన్న అచ్చం మీ ఫోన్‌లా మోగి మిమ్మల్ని మెట్లెక్కించింది."

"హాస్యాలొద్దు."

"కప్ప ఎవరి కూతా అరువు తెచ్చుకోదు. తన పేరే తను చెప్పుకుంటుంది."

"పిట్టకి పౌరుషముంది. గూటి దగ్గరికెళ్తే నెత్తిన పొడుస్తుంది. నీ కప్పేం చేస్తుంది?"

"కదలడు. తల్లి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, కాచేది తండ్రి. చేమ కుండీలో ఒకడు పన్నెండు రోజులుగా కూర్చునే ఉన్నాడు. మా పాప తండ్రి పురిటికైనా రాలేదు."

"ఓహో, అదా నీ బాధ!"

"అదీ బాధే. కానీ చల్లను."

"అయితే మధ్యాహ్నంలోగా గది ఖాళీ చెయ్."

"చేస్తా. బట్టలు సర్దుకునే వచ్చా."

"...ఎక్కడికెళ్తావే, పిల్లనేసుకుని?"

"ఊతువాదో ఊళ్ళో మా పెద్దమ్మ ఉంది. ఒక్కటి అడగనా? ఆదివారం నుంచి గదులవాళ్ళు ఎవరైనా గోల చేశారా?"

"లేదు. అందుకేగా చల్లావనుకున్నా, ఇవాళ బస్తా కనబడేదాకా."

"మీరు నిద్రమాత్ర ఎప్పుడు మానేశారు?"

"ఆదివారం... నీకెలా తెలుసు?"

"ఆ సీసా దుమ్ము తుడిచేది నేనేగా. మీ ఆయన దొన్ ఎఫ్రాయిన్ పోయాక ఇల్లు మూగబోయింది, కన్ను మూతపడట్లేదని మీరే అన్నారు."

"కిటికీ అవతల ఏవో నాలుగు మిగిలాయనుకున్నానే... ఏం చేశావు?"

"గదుల ముందున్న కుండీలన్నీ, కప్పలతో సహా, ఆదివారం ఒక్కొక్కటే మోసి మీ కిటికీ కింద పెట్టా. పాడేవాళ్ళు మీకు వినబడతారు. గుడ్ల మీద ఉన్నవాడు పాడడు, వాణ్ణి మర్చిపోతారు. నాలుగు రోజులుగా వాన లేదు, తడారితే గుడ్లు పాడవుతాయి. రేపు నేనుండను. చేమాకు మెల్లగా ఎత్తి, వాడెలా ఉన్నాడో ఒక్కసారి చూడండి దోన్యా."