అబ్‌ఫాల్ అంటే

హలో… ఆ, నేనే, మీ అమ్మని… పెట్టెయ్యకు జెమీమా! చర్చి మాట ఎత్తను, నిజంగా.

కేర్ హోమ్‌లో డ్యూటీ నుంచే… నాకేం కాలేదే. మా దగ్గర ఎల్జా అని జర్మన్ పెద్దావిడ ఉంది, తొంభై ఏళ్ళు. ఇంగ్లీషంతా మర్చిపోయింది. డాక్టరొచ్చి చూశాడు… సాయంత్రం దాకా కష్టమన్నాడు. ఎవరూ లేరు, ఇందాకటిదాకా నేనే పక్కన కూర్చున్నా, నీకు ఫోన్ చేద్దామని బయటికొచ్చా.

ఒక్క మాటకి అర్థం చెప్పు, చాలు… 'అబ్‌ఫాల్'.

చెత్త అని నాకూ తెలుసు! స్కూల్లో జర్మన్ చదివేప్పుడు కిచెన్‌లో చెత్తబుట్ట మీద రాసి అంటించావుగా!

అందుకే… విను. వారం నుంచీ గుండె మీద చెయ్యేసుకుని 'బిన్… ఫాల్' అంటుంది. నేను చెత్త బిన్ తెచ్చి ముందు పెడతా. ఏడుస్తుంది. ఇంకా పెద్ద బిన్ తెస్తా. ఇంకా ఏడుస్తుంది!

నవ్వకే, నా ప్రాణం పోతుంటే…

మొత్తం ఏమంటుందా? ఉండు… 'ఇష్ బిన్ అబ్‌గెఫాలెన్'. గాట్, గాట్ అని కూడా. గాట్ అంటే దేవుడేగా?



బిన్ అంటే బిన్ కాదా… 'నేను'తో వచ్చే మాటా? సరే… అబ్ అంటే నుంచి… ఫాల్, పడటం. రాలిపోవడం… రంపం కోస్తే రాలే పొట్టూ అదే, అందుకని చెత్త… అర్థమైంది. మరి ఈవిడ దేన్నుంచి…

దేవుడి నుంచా?

అంటే… భ్రష్టత్వం.

అయ్యో ప్రభువా! 'నేను భ్రష్టురాలిని' అని ఆమె ఏడుస్తుంటే, చెత్తబుట్ట చూపించానా!

…ఆ. అన్నాను. నిన్నూ ఆ మాటే అన్నాను, భ్రష్టురాలివని, చర్చి మెట్ల మీద, అందరి ముందూ. మర్చిపోలేదే.

జెమీమా… పెట్టెయ్యకే.

నాకు భయమేస్తుందే. ఆమెని ఇట్లా పోనివ్వకూడదు. 'దేవుడు మిమ్మల్ని పారెయ్యడు'… దాన్ని జర్మన్‌లో చెప్పు… నువ్వు నమ్మకపోతే మానెయ్, మాటలియ్యి!

గాట్… విర్ఫ్ట్… జీ… నిష్ట్… వెక్. ఆగాగు, చేతి మీద రాసుకుంటున్నా.

'జీ' అంటే మీరా? మరి 'నువ్వు' అనాలంటే… అదే, సొంతవాళ్ళతో… డిష్?

గాట్ విర్ఫ్ట్ డిష్ నిష్ట్ వెక్.

…కాదు. ఇది ఆమెకి కాదు, నీకు.

ఊరుకో తల్లీ… చర్చికి రమ్మనట్లేదులే.

నర్సు పిలుస్తోంది, ఊపిరి మారిందంట! పెట్టెయ్యకు, గదిలోకి వెళ్తున్నా… నా నోరు తిరగట్లేదే. నువ్వే చెప్పు, ఫోన్ ఆమె చెవి దగ్గర పెడతా… నమ్మకపోతే మాత్రం, నువ్వు చెప్తే చెల్లకపోవడమేంటే? చెప్పు!

ఎల్జా… ఎల్జా గారూ… ఇదిగో. మా అమ్మాయి.