నడుముకు కట్టే తాడు

క్రిస్మస్ సెలవులు. కరీబియన్ సముద్రంలో మార్టినిక్ దీవి నుంచి గ్రెనడీన్ దీవులకు పోతున్న తెరచాప పడవలో చుక్కాని దగ్గర భర్త, వంటగది మెట్ల మీద భార్య.

"పాప మాయెల్‌కి తాడు కట్టావా?"

"కట్టానే, రెండుసార్లు లాగి చూశాను కూడా. నీ భయం నువ్వూను!"

"మరి నీ తాడేది?"

"నాకెందుకే? పుట్టినప్పట్నుంచీ పడవల మీదేగా!"

"ఓహో, సముద్రానికి అల్లుడివి కాబోలు! అల కొట్టి పడిపోతే?"

"పడవ తిప్పుకొచ్చి ఎక్కించుకో."

"ఎలా తిప్పను? మూడేళ్ళుగా ప్రతి శీతాకాలం తీసుకొస్తున్నావు. చేపలు వేయించమన్నావే గానీ, ఒక్కనాడైనా చుక్కాని ముట్టనిచ్చావా? నువ్వు పోతే, చంటిదాన్ని పెట్టుకుని నేనెటు కొట్టుకుపోవాలి?"

"అబ్బా, ఇప్పుడా ఆ గొడవ?"

"ఇప్పుడే. లే అక్కణ్ణుంచి. నువ్వు కట్టుకోని ఆ తాడు నా నడుముకు కట్టు. కింద చేపలు మాడుతున్నాయి, పోయి చూసుకో."

"మరి చుక్కాని?"

"నేను పడతా. ఎటు తిప్పాలో మెట్ల మీంచి చెప్పు."