చౌడమ్మక్క గట్లు

కూర్చో పాపా, ఆ మంచం మీద శెనక్కాయలు పక్కకు నూకి కూర్చో. నల్లమాడ నుంచి పనిగట్టుకుని వచ్చినావంటే యాల వచ్చినావో నాకు తెలీదా. గట్టు మీద గడ్డి కోస్తాంటే మీ పెద్దమామ లింగప్ప మీయమ్మ చేతిలో కొడవలి గుంజి పారేసినాడంట. ఊరంతా అదే మాట. ఇదంతా మీ అవ్వ చేసిపెట్టిన పనే. పోయి మూడేండ్లాయ, ఇంకా నా ప్రాణం తీస్తానే ఉండాది చౌడమ్మక్క.

భాగాలు పంచింది తొంభై ఆరులో. మీ తాత పోయి ఏడాది తిరగలే, అన్నదమ్ములకు పొసగలే. పెద్దమనిషివి రా మామా అని నన్ను పిలిచినారు. మనకాడ పద్ధతి నీకూ తెలుసు, పెద్దోడు పంచల్ల, చిన్నోడు ముందు ఏరుకోవల్ల. అట్లయితే పెద్దోడు మోసం చేసేకి లేదు. మంచి పద్ధతే. కానీ లింగప్ప ఏం చేసినాడు? ఎర్రనేల ఒకరికి, సౌడునేల ఒకరికి అని పెడితే మీ చిన్నమామ కుళ్ళాయప్ప మంచిది ఏరుకుంటాడని భయం. పక్కపక్కనే ఉండే నాలుగు చేన్లనూ నిలువునా చీల్చిపెట్టినాడు. వాడేమో 'సరేన్నా' అనె. ఒక్కొక్కరికి నాలుగు చీలికలు. ఇప్పుడు ట్రాక్టరు ఆ కొనలో తిరగాలంటే పక్కోని చేన్లో దిగల్ల. నేను చెప్పినా, రెండు నిండు చేన్లు నీకు, రెండు వానికి చేసుకోండ్రా అని. గోడకు చెప్పినట్టే.

ఏం చెప్తాంటి? ఆ, మీ అవ్వ. అమ్మకు జీవనానికి ఏమియ్యల్ల అనే మాట వచ్చె. రెండెకరాలు అడుగుతాదని నేననుకుంటే, గడప మీద కూర్చోని వేపపుల్ల నములుతా, 'తమ్ముడా, నాకు చేనొద్దు, గట్లు రాయి' అనె. ఏం గట్లక్కా అంటి. 'ఎనిమిది చీలికలకు మధ్యన ఏడు గట్లు కదా, అవి నావి' అనె. మీ మామలు నవ్వినారు. నేనూ నవ్వినా, నీ దగ్గర అబద్ధం యాల. వెడల్పు ఎంతక్కా అంటే దొడ్లోకి పోయి తుమ్మకట్టె నరుక్కొచ్చె. నాలుగు మూర్లు. 'ఇది అడ్డం పెడితే ఎంతో అంత' అనె. కాగితంలో నేనేం రాసినా? గట్లు అమ్మవి. అంతే. నాలుగు మూర్లని రాస్తే నా చెయ్యేమన్నా పడిపోయేదా? చాదస్తంలే అనుకున్నా.

యాలక్కా అని తర్వాత అడిగినా. 'చేను తీసుకుంటే నేను సచ్చినాక దానికోసం కొట్టుకుంటారు. గట్టును ఎవురడుగుతారు? నా బిడ్డ హనుమంతి కొడవలి తీసుకుని వస్తే, అమ్మ గట్టు అంటారు, ఇంకొకరి గట్టు మీద తిట్లు పడే పనుండదు' అనె. మేకలతో బతికేది మీయమ్మ, గడ్డి లేకపోతే మేకలు యాడివి. అంత దూరం చూసింది. నన్ను మాత్రం సరిగ్గా చూడలే.

ఉన్నన్నాళ్ళు పొద్దన్నే గట్ల మీద తిరిగేది, పది అడుగులకొకసారి కట్టె అడ్డం పెట్టుకుంటా. 'లింగా, దున్నుతా దున్నుతా నీ మడక నా మీద ఎక్కింది, దించు.' 'కుళ్ళాయీ, జానెడు తిన్నావు, కక్కు.' వాళ్ళు ఏడ్చుకుంటానే మట్టి తిరిగి పోసేటోళ్ళు. వాన లేని ఏండ్లలో శెనక్కాయ ఇత్తనం కూడా చేతికి రాలే, గట్ల మీద ఆయమ్మ పెట్టిన సీతాఫలాలు కాసె. కానుగ నీడలో గడ్డి నిలిచె. ఊర్లో అందరూ మేకలు అమ్ముకుంటే మీయమ్మవి మిగిలె.

ఏందా కాగితం, నాకు కండ్లు ఆనవు, నువ్వే చదువు. గట్టు ఆరొందల అడుగులు, నాలుగు మూర్లంటే వెడల్పు ఆరు, అట్లా ఏడు. యాభై ఎనిమిది సెంట్లా? గట్టుకు సెంట్ల లెక్క కట్టినోళ్ళను నిన్నే చూస్తాండా. ఇప్పుడు పోయి చూడు, కాలు పెట్టేకి అడుగుంటే జాస్తి. లెక్క నాకు చూపిస్తే ఏం లాభం? నాలుగు మూర్లని యాడ రాసినారు అంటారు మీ మామలు. రాయనోన్ని నేనే కదా.

అదొక్కటే అయితే పర్వాలేదు. మీ అవ్వ దినాల రోజు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టినారు. విస్తట్లో గుత్తివంకాయ, మీద నెయ్యి. లింగప్ప వంగి, 'మామా, అమ్మ పాయ, గట్లు ఇంక చేన్లలో కలిసినట్టే కదా' అనె. నోట్లో ముద్ద ఉండాది. తల ఊపినా. పెద్దమనిషి తల ఊపితే రాతే మనకాడ. మీయమ్మ అప్పుడు నీళ్ళు పోస్తాండె, చూసింది. చెంబు పట్టుకుని పక్కోని దగ్గరికి పాయ. తిట్టినా బాగుండు.

కాగితం మడిచిపెట్టి నా మొగం చూస్తాండావు. మీ అవ్వా ఇట్లే, అడగాల్సింది అడిగి ఊరికే కూర్చునేది. మంచం పట్టినప్పుడు ఆ కట్టె పంపించె, నీ దగ్గరుండనీ తమ్ముడా అని. మా ఇంటిది దాంతో కోళ్ళు తోలుతాండాది. ఈ వయసులో వాళ్ళిద్దరి ముందర నిలబడి, తిన్న కూటికి తల ఊపినా అని నేను చెప్పుకోవల్ల. ఎంత కర్మ చూడు.

ఆ తలుపు మూల చూడు, చీపుర్ల పక్కన, ఆ కట్టె. ఉండాదా? ఇటియ్యి. ఎండెక్కితే గట్ల మీద నేను నడవలేను. నా చెప్పులు యాడ పడినాయో చూడు.