వెనక్కి మాత్రమే పోయే కారు

"నానమ్మా, ఫోన్లో రికార్డింగ్ పెట్టాను. నీ కారు గేరుబాక్సు పోయిన సంగతి మొదటి నుంచీ చెప్పవా?"

ఆన్ అయిందా అది? ఎర్ర చుక్క కనపడుతుందిలే. నా సిగ్గుమాలిన ముచ్చట రికార్డు చేసుకుని ఏం చేసుకుంటావే రేష్మా? మొన్న బండి నేర్చుకునే ఎల్లెల్లార్ చేతికొచ్చింది, ఇంక నీకు కార్ల పిచ్చి పట్టింది. పట్టనీలే, నాకు అరవై రెండేళ్ళకి పట్టింది, నీకు ఇరవైకే పట్టింది.

మొదటి నుంచీ అంటే... నేను ఏఎన్నెమ్ముగా చేశాను గదా. భుజానికి టీకాల ఐసు డబ్బా తగిలించుకుని ఊరూరా తిరగటం. బస్సుంటే బస్సు, లేకపోతే పత్తి చేల గట్ల మీద నడక. నేను చేరిన కొత్తలో ఇక్కణ్ణించి చిలకలూరిపేటకి బస్సు టిక్కెట్టు ముప్పావలా... కాదు కాదు, ముప్పావలా మా నాన్న రోజుల్లో. నా రోజులకి రూపాయి దాటింది. సర్లే, ఏదో ఒకటి. ఆ రూపాయికి కూడా నిలబడే పోయేదాన్ని. అందుకని రిటైరైన రోజున గట్టిగా అనుకున్నా, ఇంక ఈ జన్మకి బస్సు ఎక్కనని. ఎడమ మోకాలు అరిగిపోయింది, క్లచ్చు తొక్కలేను, అందుకని గేర్లు మార్చే పని లేని ఆటోమేటిక్ కారు కొన్నా.

కొని మొట్టమొదట ఎక్కడికి పోయానంటావు? పేటలో మా అన్నయ్య పరుపుల కొట్టుకి. అదే, మీ మస్తాను తాతయ్య. స్వీట్ల డబ్బా చేతిలో పెడితే, తెరవకుండానే, కొట్లో నలుగురు ఉండగా ఏమన్నాడో తెలుసా? "సైదా, సూదిమందు వేసిన చెయ్యి స్టీరింగు తిప్పుద్దా? నేను పత్తి లారీ మీద మూటలెక్కి అయినా పోతాగానీ నీ కారు మాత్రం ఎక్కను" అన్నాడు. నలుగురూ ఇకిలించారు. నాకు మండిపోయింది. మూడేళ్ళు, అమ్మాయ్, ఆ మాట అనిపించుకున్నందుకే రోజూ ఆ కారు కడిగేదాన్ని.

షోరూములో కొన్నప్పుడే చెప్పారు, ఇంకొంత కట్టి మూడేళ్ళ వారంటీని ఇంకో రెండేళ్ళు పొడిగించుకోండి మేడమ్ అని. నేను కుర్చీలో వెనక్కి వాలి, "ముప్పై ఎనిమిదేళ్ళు మనుషుల ప్రాణాలు చూసినదాన్ని, ఒక ఇనప డబ్బాని చూసుకోలేనా?" అన్నా. ఎంత పొగరో చూడు! మీ తాతయ్య పక్కనే ఉన్నాడు, గొంతు సవరించుకున్నాడు, అంతే. ఆయన గొంతు సవరించుకున్నాడంటే నేను తప్పు చేస్తున్నట్టు లెక్క. నేనెప్పుడు విన్నా గనక!

మూడేళ్ళు మహారాణిలాగా తిరిగాను. స్పీడు నలభై దాటనిచ్చేదాన్ని కాదు. ఆ పైన రెండు నెలలకి, ఎండాకాలం, కారం కొట్టించుకోడానికి మిరపకాయలు తెచ్చుకుందామని ఊరి చివర కల్లానికి పోయాం, నేనూ మీ తాతయ్యా. ఒక చిన్న బస్తా డిక్కీలో వేసుకున్నాం. బిస్మిల్లా అని స్టార్టు చేసి గేరు ముందుకి వేశాను. బండి ఊఁ అని మూలుగుద్ది గానీ కదలదు. ఇంకాస్త తొక్కాను. ఇంకా గట్టిగా అరుస్తుంది, చక్రం మాత్రం తిరగదు. ఏదో కాలిన వాసన. ఆ కల్లంలో మిరప ఘాటు ఒకటి, ఇదొకటి, తుమ్ములే తుమ్ములు. ఏం చేద్దామా అని రివర్సు వేశాను. వెన్నలాగా వెనక్కి జారింది! మళ్ళీ ముందుకి వేశాను. ఊహూఁ.

బుద్ధున్న మనిషయితే అక్కడే ఆపి ఫోన్ చేసుద్ది. నేనేం చేశాను? కల్లంలో కాయలు ఏరే ఆడాళ్ళందరూ చూస్తున్నారు, సగం మందికి నేనే పురుళ్ళు పోశాను, వాళ్ళ ముందు కారు చెడిపోయిందని చెప్పటమా? అందుకని ఇంటి దాకా, దగ్గర దగ్గర కిలోమీటరు, రివర్సులోనే తోలాను. మీ తాతయ్య బండి వెనకాల తువ్వాలు ఊపుకుంటా, కోళ్ళని అదిలించుకుంటా, వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఒకావిడ అరిచింది, "ఏంటమ్మా, ఎనక్కి పోతన్నారేంటి?" అని. "రివర్సు ప్రాక్టీసమ్మా!" అన్నా. "ఈ ఎండలోనా?" అంది. మూడు రోజులు మెడ తిరగలేదు నాకు.

నవ్వు, నవ్వు. అసలు సిగ్గు ముందుంది.

షోరూము వాళ్ళ లారీ వచ్చి కారుని గుంటూరు ఎత్తుకుపోయింది. ఇరుగుపొరుగుకి సర్వీసింగని చెప్పా. మర్నాడు పోతే కౌంటర్లో ఒక అమ్మాయి, నీ ఈడుదే ఉంటది, "గేరుబాక్సు మొత్తం మార్చాలి మేడమ్. వారంటీ అయిపోయి రెండు నెలలైంది" అని ఒక రేటు చెప్పింది. ఆ డబ్బుకి ఒక పాత కారొచ్చుద్ది. నాకు ఒళ్ళు మండి, "కడుపునొప్పని వస్తే కడుపు మొత్తం కోసి మారుస్తారా ఎక్కడైనా? విప్పి లోపల ఏం పోయిందో చూడరా?" అన్నా. "మా దగ్గర విప్పరు మేడమ్, మార్చటమే. కావాలంటే సగమైనా తగ్గించమని కంపెనీకి రాసి చూస్తాను, మీ సర్వీసు బుక్కు ఇవ్వండి" అంది.

ఇచ్చాను. ఆ పిల్ల పేజీలు తిప్పుతుంది.  రేష్మా, ముప్పై ఎనిమిదేళ్ళు నేను చేసిన పని అదే గదా! "కార్డేదమ్మా? ఈ డోసు ఎందుకు వేయించలేదు? ఈ గడి ఎందుకు ఖాళీగా ఉంది?" అని ఎంతమంది తల్లుల్ని కడిగిపారేశానో! ఆ పిల్ల వేలు ఒక ఖాళీ గడి మీద పెట్టింది. "గేరు ఆయిలు మార్పించలేదేంటి మేడమ్? చివరి సర్వీసుకే రాలేదు." నేనేమన్నానో తెలుసా? అచ్చం ఆ తల్లులు అనే మాటే అన్నాను. "బాగానే ఉంది గదా అని..."

కంపెనీ కుదరదంది. కారు మళ్ళీ లారీ ఎక్కి ఇంటికొచ్చింది. కవరు కప్పేశాను.

ఇంక చూడు నా నాటకం. నాలుగు నెలలు! పొద్దున్నే కవరు తీసి కారు కడగటం, మళ్ళీ కప్పటం. పేటకి బస్సులో పోయి, ఒక స్టాపు ముందే దిగి, కారు తాళం వేలికి తగిలించుకుని ఊపుకుంటా అన్నయ్య కొట్టుకి పోయేదాన్ని. "బండేదమ్మా?" అనేవాడు. "మెయిన్‌రోడ్డు మీద పెట్టానన్నయ్యా, మీ సందులో పట్టదు" అనేదాన్ని. బస్సులో కండక్టరు చిల్లర లేదంటే గొడవ పెట్టుకుని వచ్చినదాన్ని, ఆ కొట్లో కూర్చుని పెట్రోలు రేట్ల మీద ఉపన్యాసం ఇచ్చేదాన్ని.

అట్టా గడిచిపోతుండగా ఒకరోజు అన్నయ్య ఫోన్ చేశాడు.  "సైదా, ఎల్లుండి గుంటూర్లో కంటికి ఆపరేషనమ్మా. శుక్లమంట. కంట్లో కత్తి పెడతారంటగా... నీ కారులో తీసుకుపోతావా? నువ్వుంటే కాస్త ధైర్యంగా ఉంటది" అన్నాడు.

నా కారులో! జన్మలో ఎక్కనన్నవాడు! నేనేం చేశానంటావు? "ఎల్లుండి నాకు ఖాళీ లేదన్నయ్యా" అన్నా.  "సర్లేమ్మా, సర్లే" అని పెట్టేశాడు.

నాకు అన్నం దిగలేదు. మీ తాతయ్య చూసి చూసి, గొంతు కూడా సవరించుకోకుండా అన్నాడు, "పిల్లలకి సూది వేసేటప్పుడు ఒక్క నిమిషమే నొప్పి అని చెప్పేదానివిగా. పోయి చెప్పెయ్."

పోయాను. తాళం తీసుకెళ్ళలేదు. కొట్టు లోపల అన్నయ్య పరుపు కుడుతున్నాడు, సూది కన్ను కనపడక దారం పక్కన గుచ్చుకుంటున్నాడు. నేను సూది తీసుకుని దారం ఎక్కించి ఇచ్చి, మొత్తం చెప్పేశాను. కల్లం, రివర్సు, ఖాళీ గడి, బస్సు, అన్నీ.

నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. "అయితే, నేను అప్పుడు నలుగురిలో అన్నానని మనసులో పెట్టుకుని రానన్నావనుకున్నానే. నిన్నట్నుంచీ అదే తొలుస్తుంది" అన్నాడు.  సూది పక్కన పెట్టి, "కిలోమీటరు రివర్సులోనా?" అన్నాడు. అంతే, మొదలైంది నవ్వు. దూది కుప్ప మీద పడి నవ్వాడు, ఒళ్ళంతా దూదే. మా వదిన ఏదో అయిందని లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది.

ఆపరేషనుకి బస్సులోనే పోయాం. చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. లోపలికి తీసుకుపోయేటప్పుడు నన్నూ రానియ్యమని నర్సుతో తగువాడాడు, నా పరువు తీశాడు. బాగానే అయిందిలే, అల్లా దయ.

నాలుగు రోజులకి నల్లద్దాలు పెట్టుకుని తనే నన్ను పత్తి జిన్నింగ్ మిల్లుల వెనకాల ఒక షెడ్డుకి తీసుకుపోయాడు. ఏడుకొండలని, లారీ గేరుబాక్సులు విప్పే మనిషి, ఆటోమేటిక్‌లూ చేస్తాడంట. కారుని లాగించుకొచ్చి, గేరు ఆయిలు ఒక గిన్నెలోకి దించాడు. కాఫీ డికాషన్! అదీ అర గిన్నె. "ఆయిలు కారిపోయిందమ్మా, ఉన్నది మాడిపోయింది. ముందుకి లాగే ప్లేట్లు కాలినయ్యి, వెనక్కి లాగేవి బతికున్నయ్యి. అవి మారుస్తా, ఆయిలు కారకుండా ఆపే సీళ్ళు మారుస్తా. బాక్సంతా ఎందుకు?" అన్నాడు. నేను అన్నయ్య వంక చూశా, కడుపు కోయక్కర్లేదన్నానా లేదా అని. ప్లేట్లు విజయవాడ నుంచి రావటానికి పది రోజులు పట్టింది. షోరూము వాళ్ళు చెప్పిన దాంట్లో నాలుగో వంతు అయింది.

డబ్బులిచ్చేటప్పుడు అడిగా, బుద్ధొచ్చింది గదా, "దీనికి వారంటీ ఏమన్నా రాసిస్తావా బాబూ?" అని. "రాసేదేముందమ్మా, ఏదన్నా అయితే నేను ఇక్కడే ఉంటాగా, వచ్చి తిట్టండి" అన్నాడు.

ఆ మర్నాడే అన్నయ్యకి గుంటూర్లో కన్ను చూపించుకునే రోజు. పొద్దున్నే సందు చివర నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా, నల్లద్దాలు. ముందు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, తలుపు పైన పిడి రెండు చేతుల్తో పట్టుకున్నాడు.  గేరు ముందుకి వేశాను. కదిలింది తల్లీ! అంతే, హైవే ఎక్కేశాం.

పది నిమిషాలు పోయినాక, ఏంటి ఈయన ఉలుకూ పలుకూ లేదని పక్కకి చూశాను. నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని, చేతులు ఒళ్ళో పడేసి, గురక పెట్టి మరీ. నేను ముప్పై మీద తోలాను, ఎక్కడ కుదుపుకి లేస్తాడో అని. పత్తి లారీలన్నీ హారన్లు కొట్టుకుంటా, తిట్టుకుంటా దాటిపోతున్నాయి. పోనీ, నాకేంటి...

ఆఁ, ఇంక కట్టెయ్ అది, ఛార్జింగ్ అయిపోద్ది. ఇట్టా రా, నెత్తి మీద చెయ్యి పెట్టనీ. అల్లా నిన్ను చల్లగా చూడాలి. నువ్వు బండి తోలుతుంటే నీ పక్కన కూర్చున్న మనిషి హాయిగా నిద్రపోవాలి తల్లీ.